కొసరు

మొదటి రోజు డెల్ఫీన్ నాకు నేర్పింది
ప్లేట్లు పట్టడం కాదు, లెక్క.

"గంటకి రెండు డాలర్ల పదమూడు సెంట్లు.
అక్షరాలా రెండూ, పదమూడూ.
మిగతాది వాళ్లిస్తారు" అంది
ఇంకా ఎవరూ కూర్చోని బల్లల వైపు చూస్తూ.

నలభై ఒకటో నంబరు రోడ్డు పక్కన,
ఇండియానా మొక్కజొన్న కోసేశాక మిగిలిన
మోళ్ల మధ్య మా హోటలు.
ఆ పదమూడు సెంట్లు చట్టంలోకెక్కిన ఏడాది
తనకి పాలపళ్లు ఊడుతున్నాయట.
కొత్తవి వచ్చాయి,
వాటిలో రెండు పోయాయి కూడా.
అంకె మాత్రం కదల్లేదు.

సంతలో శేరు కొంటే గుప్పెడు కొసరు వేస్తారు.
ఇక్కడ గుప్పెడే అసలు,
శేరంతా కొసరు.
ఆ కొసరు కోసం ఆమె
కొసరి కొసరి కాఫీ పోస్తుంది,
చల్లారకముందే, అడగకముందే,
కప్పుకి చెయ్యి అడ్డం పెట్టేదాకా.

ఒకాయన వచ్చేవాడు, లారీ మనిషి, పేరు ఎల్డన్.
కూర్చోగానే అయిదు నోట్లు బల్ల మీద పేర్చి
నీళ్లు ఆలస్యమైతే ఒకటి,
గుడ్డు గట్టిపడితే ఒకటి
మళ్లీ జేబులో పెట్టుకునేవాడు.
డెల్ఫీన్ నవ్వింది.
అది చూసి నేనూ నవ్వడం నేర్చుకున్నాను.
ఏ కండరాలు వాడాలో తెలియడానికి వారం పట్టింది.

జనం వెళ్లాక ఇంకో రెండు గంటలు.
ఫోర్కునీ కత్తినీ రుమాల్లో చుట్టడం, వంద జతలు.
సగమైన కెచప్ సీసాలను
ఒకదాని మీద ఒకటి బోర్లించడం.
దాన్ని పెళ్లి చేయడం అంటారు మా దగ్గర.
ఆ పెళ్లిళ్లకి కట్నాల్లేవు, చదివింపుల్లేవు,
టిప్పు వేసే చుట్టం ఒక్కడూ రాడు.

రెండు వారాలకోసారి కవరు.
కవరులో చెక్కు.
చెక్కు మీద సున్నా డాలర్లు, సున్నా సెంట్లు.
టిప్పుల మీద పన్ను, పన్ను కింద జీతం.
డెల్ఫీన్ కొడుకు వాటి వెనకవైపు
డైనోసార్లు గీస్తాడు.
కాగితం మంచిదట, రంగు అవతలికి దిగదట.

జనవరిలో వారమంతా మంచు పడింది.
నలభై గంటలు నిలబడితే
ఆమె ఏప్రాన్ జేబులో నూట ముప్పై ఒకటి.
చట్టంలో ఇంకో వాక్యం ఉంది,
వంటగది వెనక, తుడుపుకర్రల పక్కన,
నూనె మరకల పోస్టరులో, చీమతలంత అక్షరాల్లో:
టిప్పులు తగ్గితే
ఏడు డాలర్ల పాతిక సెంట్లదాకా
యజమాని నింపాలి.

శనివారం రాత్రి గడియారం మిషన్ అడిగింది:
వారం టిప్పులు ఎంత?
మేనేజరు గార్త్ పక్కనే నిలబడి
చాలా మెల్లగా, దాదాపు ప్రేమగా చెప్పాడు:
"రెండొందల అయిదు కొట్టు.
అందరూ అదే కొడతారు."

డెల్ఫీన్ ఒకటి నొక్కింది.
మూడు నొక్కింది.
ఒకటి నొక్కింది.

తర్వాత వంతు నాది.
నాకు వచ్చింది తొంభై ఎనిమిది.
ఇది కవిత్వం, అబద్ధమాడినా చెల్లుతుంది.
ఆడను.
రెండొందల అయిదు కొట్టాను.

సోమవారం నుంచి ఆమెకి
మరుగుదొడ్డి పక్క మూడు బల్లలు.
కిటికీ పక్కవి నావి.
నింపాల్సిన డెబ్బై మూడు డాలర్ల ఎనభై సెంట్లు
ఆమె కవరులోకి వచ్చాయో లేదో
నేనడగలేదు, తను చెప్పలేదు.

రాత్రి మూసే వేళ
నా సగం సీసా తీసుకుని
తన సగం సీసా మీద బోర్లించింది.
మూతికి మూతి, చుక్క ఒలకకుండా.
కుదపకూడదంది.
ఇద్దరం గల్లా పక్కన నిలబడి చూస్తున్నాం.

ఎర్రగా, ఏ తొందరా లేకుండా
దిగుతోంది,
గంటకి రెండు డాలర్ల
పదమూడు సెంట్ల చొప్పున.