జానెడు సముద్రం

ఏప్రిల్ ఇంకా దాటలేదు.
అసియూత్‌లో మా డాబా మీద ఆరేసిన దుప్పటి
ఈ చివర క్లిప్పు పెట్టి ఆ చివరకి వెళ్లేలోపే ఆరిపోతోంది.
రగ్దా లెక్కల పుస్తకం వెనకట్ట మీద
అలెగ్జాండ్రియా అని రాసి కింద గీత గీసింది.
చాలదనిపించి ఇంకో గీత.

రైలు, నలుగురం, మూడో తరగతి.
అత్తయ్యకి కిటికీ పక్క. అది రాయక్కర్లేదు,
రాయకపోయినా అక్కడే కూర్చుంటుంది.
ఇల్లు, సీదీ బిష్ర్‌లో, ఏడు రాత్రులు.
గొడుగు అద్దె ఎంతో
ఆ రోజు ఎండ మొహం చూసి చెబుతారట.
కుర్చీలు రెండు చాలన్నాడు షౌకీ,
ఇసకకి అద్దె లేదు కదా అని.
గుడ్లు ఇక్కడే ఉడకబెట్టుకుపోదామన్నాడు,
అక్కడ గుడ్డు కూడా సముద్రం ధర పలుకుతుందట.

ఇల్లు చూపించే కాపలాదారు ఇద్రీస్‌కి ఫోన్ చేశాను.
మంచాలెన్ని, నీళ్లు ఏ వేళకి వస్తాయి, లిఫ్టు పనిచేస్తుందా
అన్నీ అడిగి, చివర్న, ఏదో గుర్తొచ్చినట్టు,
సముద్రం కనిపిస్తుందా అన్నాను.
అటువైపు కాసేపు మాట లేదు.
అబద్ధమాడదామా వద్దా అని మనిషి తూచుకుంటున్నాడు.
"వంటింటి కిటికీలోంచి కాస్త వంగితే, అమ్మగారూ,
రెండు మేడల మధ్యన జానెడు కనిపిస్తుంది."
ఆ జానెడుకి విడిగా ఎంత అన్నాను.
నవ్వాడు. దగ్గు వచ్చేదాకా నవ్వాడు.

నేను సముద్రాన్ని ఒక్కసారే చూశాను,
పెద్దమ్మ పోయినప్పుడు, బస్సులోంచి.
పక్కనంతా ఏడుపు,
నా కళ్లు మాత్రం అద్దానికి అతుక్కుపోయాయి.
అంత నీలాన్ని అలా దొంగచాటుగా చూసినందుకు
ఇరవై ఏళ్లుగా సిగ్గు.
ఈసారి తిన్నగా, ఎదురుగా నిలబడి చూడాలి.

పదిమంది ఆడవాళ్లం వేసుకున్న చీటీలో
జూలై నాది.
జూన్‌లో ఉమ్ కరమ్ వచ్చింది.
నా ముందున్న ములూఖియా ఆకు తన ఒళ్లోకి లాక్కుని
కట్టంతా తనే గిల్లింది.
మొగుడి కంటిలో పువ్వు సంగతి చెప్పింది,
డాక్టరు ఇచ్చిన తారీఖు చెప్పింది,
ఆకు బాగా లేతగా ఉందంది.
ఇంకేమీ అడగలేదు.
జూలై నువ్వు తీసుకో అనేసింది నా నోరు,
నన్నొక్క మాట అడక్కుండా.

ఆ రాత్రి షౌకీ పుచ్చకాయ ముక్కని
తెల్లటి తొక్క తేలేదాకా తిన్నాడు, తలెత్తకుండా.
అత్తయ్యే అంది:
"సముద్రం ఎక్కడికి పోతుంది? పోతే నేను పోతాను.
ఈలోపు కాస్త తొందరగా వచ్చే నెల చూడండి."

సెప్టెంబరు ఆఖరు.
ఏడుని కొట్టేసి మూడు వేసింది రగ్దా,
రబ్బరు వాడలేదు, నాకు కనపడాలనేమో.
బడి తెరిచిన మొదటి వారం పాఠాలెవరు చెబుతారు,
బెంచీలు తుడిపించడమే కదా అంది.
అప్పటికి అద్దె సగమట, గొడుగులవాళ్లు వెళ్లిపోతారట,
అలలు పెద్దవై మునగనివ్వరట.
ఇద్రీస్ ఇవన్నీ క్షమాపణలా చెప్పాడు.
కిటికీ అదేనా అన్నాను.
అదే, అన్నాడు.

ఇప్పుడు రాత్రుళ్లు డాబా మీద చెయ్యి చాపి
బొటనవేలు ఈ పావురాల గూటికి,
చిటికెనవేలు ఆ నీళ్ల తొట్టికి ఆనించి చూస్తాను.
నిన్న పొద్దుగూకేవేళ
పక్కింటివాళ్ల పావురాల గుంపంతా
ఆ సందులోంచే దూరిపోయింది.
ఒక్కటీ ఇరుక్కోలేదు.

కింద నుంచి రగ్దా కేక:
"అమ్మా, మూడు రోజులకి గుడ్లు ఎన్ని?"
పదహారు, అన్నాను.
ఎందుకు పదహారో నాకూ తెలీదు.