ఆది జాకెట్టు

కుడి భుజం నుంచి నడుముకి టేపు జారవిడిస్తే పదమూడున్నర.
ఎడమ నుంచి పన్నెండూ ముప్పావు.
ఈ ముప్పావు అంగుళం
చూళైలో నాకొక్కదానికే తెలుసు.

హంసవేణికి పదకొండో ఏట
స్కూలు కమీజు అంచు ఒక పక్క ఎగిసింది.
కత్తెర తప్పనుకున్నాను.
విప్పి కుట్టాను. మళ్లీ ఎగిసింది.
అప్పుడు పిల్లని వెనక్కి తిప్పి చూశాను.

మూడేళ్లు అబద్ధం కుట్టాను.
ఎడమ భుజం కింద దూది పొర,
నడుము దగ్గర ఒక చాటు మడత.
పండగ ఫోటోలో, పట్టు లంగాలో,
పిల్ల నిటారుగానే ఉంది.

జీహెచ్‌లో డాక్టరు ఎక్స్‌రే మీద స్కేలు పెట్టి
పెన్సిలుతో రెండు గీతలు గీశాడు.
యాభై ఎనిమిది డిగ్రీలన్నాడు.
నేను అంగుళాల్లో బతికినదాన్ని.
'ఎంత లోపలికి పట్టాలి సార్?' అన్నాను.
ఆయన నవ్వలేదు.
రెండు కడ్డీలు, పద్దెనిమిది మరలు.
ఒక మర నా అరచేతిలో పెట్టాడు,
దారం చుట్టిన బాబిన్ అంత బరువు కూడా లేదు.

ఆరు గంటలు వరండాలో.
పక్కనెవరో ఇడ్లీ పొట్లం విప్పారు.
ఎముక తొలిచి, మర బిగించి,
కడ్డీ దగ్గరికి వెన్నుని లాగుతారట,
కొంచెం కొంచెంగా.
బట్టయితే చిరిగేది.

తెలివి రాగానే బొటనవేలు కదపమన్నారు.
దుప్పటి కింద ఏదో
ఎలుకపిల్లలా మెదిలింది.
నర్సు కాగితం మీద రాసుకుంది.
నా మెడలో టేపు ఇంకా వేలాడుతోందని
అప్పుడు చూసుకున్నాను.

పది వారాలకి పాత జాకెట్టు తొడిగింది.
ఎడమ పక్క గూడు కట్టింది,
కుడి పక్క బిగిసింది.
'అమ్మా, ఇప్పుడు నీ కుట్టే వంకర'
అని అద్దంలో నవ్వింది.

సూది కింద పడితే ఇక వంగలేదు.
మోకాళ్ల మీద మెల్లగా దిగి
వెన్ను వంచకుండా ఏరుకుంటుంది.
మెడ కింద నుంచి నడుము దాకా ఒకే కుట్టు.
ఎవరు నేర్పారో, అంత నేరుగా
నాకు ఇప్పటికీ రాదు.

ఆ జాకెట్టు ఇక ఆదికి పనికిరాదు.
విప్పాను. దూది పొర బయట పడింది.
గుడ్డముక్కలో చుట్టి
సూదులు గుచ్చుకునే దిండు చేశాను.

కొత్తదానికి కొలత తీస్తుంటే
ఇంకా ఒక నూలు తేడా వచ్చింది.
పూర్తిగా లాగితే నరం ఒప్పుకోదని
డాక్టరు ముందే చెప్పాడు.
ఆ నూలుని
ఏ మడతలోనూ దాచలేదు.