ఎనభై ఏడున్నర

మా తౌనోకి స్టాప్‌వాచీ మీద ఉన్న నమ్మకం
దేవుడి మీద లేదు.
అడవి బాటల్లో స్కీ పందేలకి
ముప్పై ఒక్క చలికాలాలు కాలం కొలిచాడు.
గుడ్డు ఉడకబెట్టినా జేబులోంచి అదే తీస్తాడు.

"ముందొచ్చినవాడు ముందు, వెనకొచ్చినవాడు వెనక.
ఆటంటే అదీ, రైలీ.
మీది చర్చి సంతలో కేకుల పోటీ.
ఎవరి నోటికి ఏది రుచిస్తే దానికి రిబ్బను."

జవాబు చెప్పను. నా దగ్గర లేదు.
ఉన్నదల్లా ఒక కిటికీ.
స్కీల మీద దూకే కొండ పక్కన, చెక్క గదిలో,
ఐదు కిటికీల్లో మూడోది.

పిల్లలు పైనుంచి జారుకుంటూ వస్తారు.
అంచు అయిపోతుంది.
తర్వాత కాసేపు ఏమీ ఉండదు,
ఒంటి కింద గాలి తప్ప.
ఆ కాసేపట్లో నేను వెతికేది
వణకని స్కీలు, కొట్టుకోని చేతులు,
నేల తగిలే చోట ఒక కాలు ముందు, ఒక కాలు వెనక,
మోకాలు కొంచెం వంగి,
గుమ్మంలో పెద్దవాళ్ళకి దారిచ్చినట్టు.

ఇరవైకి పద్దెనిమిదిన్నర.
పంతొమ్మిది ఎందుకు కాదు?
తప్పుల పట్టిక ఉంది, బట్టీ పట్టాను,
అయినా పట్టిక గుర్తొచ్చేలోపే పెన్సిలు కదులుతుంది.
ఐదు అంకెల్లో పెద్దదీ చిన్నదీ కొట్టేస్తారు.
మమ్మల్ని పూర్తిగా నమ్మేంత అమాయకులు ఎవరూ లేరు.
అందుకే నాకు నిద్ర పడుతుంది.

ఆ ఫిబ్రవరి ఆదివారం
బస్సు డ్రైవరు కూతురు హిల్లా దూకింది. పదిహేనేళ్ళు.
ఎంత దూరం వచ్చిందంటే
థర్మాస్ మూత తిప్పుతున్న నా చెయ్యి ఆగింది.
దిగడం మాత్రం రెండు కాళ్ళూ ఒక్కసారే,
లారీలోంచి దించిన బంగాళదుంపల బస్తాలా.
పదహారు వేశాను.
నా అంకె కొట్టివేతలో పోలేదు, మధ్యలో మిగిలింది.
వెర్నా అనే ఇంకో పిల్ల, మీటరు తక్కువే,
మంచుని నిద్ర లేపకుండా దిగింది.
అర పాయింటుతో వెర్నాది గెలుపు.

కార్లు ఆపే చోట హిల్లా వాళ్ళ నాన్న దారికి అడ్డొచ్చాడు.
"పొడుగు దూకిందెవరు? ఆ ఒక్క ముక్క చెప్పండి."
అమ్మాయి అతని చెయ్యి లాగింది.
"మోకాలు ఎంత వంగాలి?" అంది నాతో.
గట్టిపడిన మంచు మీద, బరువు బూట్లతో,
అరవై రెండేళ్ళ మోకాలు వంచి చూపించాను.
టక్కుమంది.
నవ్వలేదు ఆ పిల్ల. చూసింది,
నేను చూసినట్టే చూసింది.

రాత్రి పొయ్యి మీద నీళ్ళు మరుగుతున్నాయి.
తౌనో అదే పాట అందుకుంటాడనుకున్నాను.
కొండ దగ్గర మనుషులు చాలనప్పుడు
దూరం కొలవడానికి అతన్నే పిలుస్తారు.
మాది చిన్న క్లబ్బు, కెమెరాలు లేవు.
వాలు పొడుగునా మనుషులు నిలబడి
కాళ్ళెక్కడ తగిలాయో చూసి చెయ్యెత్తాలి.
ఎనభై ఐదు నుంచి తొంభై దాకా
ఆ ఐదు మీటర్ల మంచు తౌనోది.

"ఎనభై ఏడున్నర అన్నాను కదా," అన్నాడు.
"అవును."
"కంట్లో మంచు పడింది."
నేను గుడ్డు నీళ్ళలోకి వదిలాను.
"రెప్ప వేశాను, రైలీ. తెరిచేసరికి పిల్ల జారిపోతోంది.
కింద గీతలున్నాయి, అందరివీ.
ఒకటి ఎంచుకున్నాను.
ఎనభై ఎనిమిది అయినా అయ్యుండొచ్చు."

అర మీటరుకి ఒక పాయింటు.
ఇద్దరికీ లెక్క వచ్చు. ఎవరూ చెయ్యలేదు.

నీ మీటరు కూడా కన్నేనా, అని అడగొచ్చు.
ముప్పై ఏళ్ళ కేకుల పోటీకి బదులు తీర్చుకోవచ్చు.
కానీ నా పదహారు గుర్తొచ్చింది.
అది పదహారున్నర కాదని
ఇప్పుడు ఒట్టేసి చెప్పగలనా?
చెప్పగలను. చెప్పలేను.
ఆ బస్తా చప్పుడు ఇంకా చెవిలో ఉంది.

క్లబ్బుకి రేపు ఫోను చేస్తానన్నాడు.
చెయ్యమన్నాను.
ఏమని చెబుతాడో అతనికీ తెలీదు.

గుడ్డు ఎంతసేపు ఉడికిందో ఎవరూ చూడలేదు.
స్టాప్‌వాచీ కోటులోనే ఉంది, కోటు మేకుకి.
పెంకు ఒలిచాడు, ఉప్పు చల్లాడు,
కొరికి, కాసేపు నమిలి,
"బాగుంది," అన్నాడు.