ఎర్ర ఇంటూ గుర్తు

ఏడో తరగతి. పదకొండు మంది.
కట్టెల పొయ్యి చుట్టూ ఐదు ల్యాప్‌టాప్‌లు,
ఒకదానికి 'ఇ' మీట ఊడిపోయింది,
కింద ఉన్న రబ్బరు బొడిపెని గోటితో నొక్కాలి.
'ఇ' లేకుండా ఇంగ్లీషులో ఎంతదూరం పోతాం?

మంచు పడితే రియోనీ లోయలోకి నెట్
కుంటుకుంటూ వస్తుంది.
నా ఫోన్ కిటికీ చువ్వకి దారంతో కట్టి
అందరికీ ఇంతింత పంచుతాను,
కరువులో గంజి పోసినట్టు.

మా జార్జియన్‌లో పెద్ద అక్షరాలు లేవు,
రాజుకైనా మేకకైనా ఒకటే ఎత్తు.
ఆయనకీ ఆమెకీ అదే మాట, కుర్చీకీ అదే.
'ఎ' లేదు, 'ది' లేదు.
అందుకే తప్పులు పట్టే యంత్రం
మేం రాసిన ప్రతి వాక్యం కిందా
ఎర్రటి అల గీస్తుంది.
"మాస్, నేనేం తప్పు చేశాను?" అంటాడు జాబా.
మాస్ అంటే నేనే, టీచర్ని.
తప్పు కాదురా,
'ది' అనే ఈగని వాలనివ్వలేదు, అంతే.

మంగళవారం అందరికీ కలిపి ఒకే పేజీ తెరుస్తాను.
పేరు చెప్పకుండా వస్తే
అదే ఒక జంతువుని తగిలిస్తుంది.
పేరు లేని నక్క, పేరు లేని తాబేలు,
మా కొండల్లో ఎవరూ చూడని పేరు లేని ఒంటె.
మ్జెకల తరగతిలో నోరు విప్పి రెండేళ్ళు.
పోయిన వారం పేరు లేని గుడ్లగూబ
ఒక్కో అక్షరం ఏరుకుంటూ రాసింది:
రివర్ ఈజ్ లౌడ్. ఐ యామ్ నాట్.
'ది' లేదు. దిద్దబోయి ఆగాను.
ఎవరా గుడ్లగూబ అని గదంతా తలలు తిరిగాయి.
నేను పొయ్యిలో కట్టె సర్దుతూ ఉండిపోయాను.
ఒక జత చెవులు మాత్రం
నిప్పుకంటే ముందే ఎర్రబడ్డాయి.

ఇక నిన్న, వినికిడి ఆట.
మంచు ఎరగని ఒక తీయటి గొంతు:
మామా ఈజ్ ఇన్ ద కిచెన్,
మామా ఈజ్ మేకింగ్ బ్రెడ్.
నాలుగు బొమ్మలు, పది సెకన్లు.
త్సోత్నే మీసాలాయన బొమ్మ నొక్కాడు.
ఎర్ర ఇంటూ.
మళ్ళీ ఆడాడు. మళ్ళీ మీసాలే. మళ్ళీ ఇంటూ.

మా భాషలో మామ అంటే నాన్న,
అమ్మని దేద అంటాం.
"ఒరేయ్, ఇంగ్లీషు మామ అమ్మరా!" అని బద్రి నవ్వాడు.
"తెలుసు" అన్నాడు త్సోత్నే.
"మరి?"
"రొట్టె చేస్తున్నారని చెప్పిందిగా."

నవ్వు ఎక్కడిదక్కడ ఆగింది.
వాళ్ళమ్మ నాలుగేళ్ళుగా ఇటలీలో, బారీలో,
ఎవరి తల్లికో స్నానం చేయిస్తోంది.

రాత్రి ఆ ఆటని విప్పి కూర్చున్నాను.
తీయటి గొంతు తీసేశాను, బొమ్మలూ తీసేశాను.
మీ ఇళ్ళలోవి పంపండి అని పిల్లలకి రాశాను.
పడుకునేలోపు త్సోత్నే ఫొటో వచ్చింది:
చిక్కుడు గింజల రొట్టె అదుముతున్న మనిషి,
మీసాల నిండా పిండి.
వెంట, జలుబు చేసిన గొంతుతో:
మై ఫాదర్ ఈజ్ ఇన్ ద కిచెన్.
'ది' ఉంది. ఉండాల్సిన చోటే ఉంది.

ఇవాళ కోడ్ ఇచ్చాను, ఐదంకెలు.
పదకొండు మందికి పన్నెండు పేర్లు చేరాయి.
పన్నెండోది, చిన్న అక్షరాల్లో: దేద.
త్సోత్నే తెర మీంచి కళ్ళు ఎత్తలేదు.
అన్నిటికీ టకటకా నొక్కింది,
సగం తప్పులు.
పిండి మీసాల ఫొటో రాగానే ఆగింది.
తొమ్మిది, ఎనిమిది, ఏడు...
ఒక్క సెకను మిగిలాక నొక్కింది. సరైన జవాబే.

ఎంత తొందరగా నొక్కితే అన్ని మార్కులు.
ఆ ప్రశ్నకి అందరికంటే తక్కువ ఆమెకే.
ఆ లెక్క మార్చే బొత్తాం ఎక్కడుందో
గంట కొట్టాక కూడా వెతుకుతున్నాను.