కాటా పక్కన

ఇరవై ఆరేండ్లు చిత్తూరు బెల్లం మండీలో
కూర్చొనే బతికినా.
దిమ్మెలు వచ్చేవి, దిమ్మెలు పొయ్యేవి,
నేను మాత్రం రేకు కుర్చీలో
పోసి ఆరబెట్టిన అచ్చులా ఉండిపొయినా.

వేలు నాలిక్కి తడుపుకొని పేజీ తిప్పితే
కాగితం గూడా తియ్యగా ఉండేది.
ఆ తీపి నెత్తుర్లోకి ఎప్పుడు దిగిందో
ఏ పద్దులోనూ రాసుకోలేదు.

ల్యాబు పిల్లోడు చీటీ ఇచ్చి
నా ముఖం చూడలేదు.
రెండు వందల అరవై ఎనిమిది.
కాటా మీది తూకమై ఉంటే
ఒక సంతకంతో పొయ్యేది.

మర్నాడు చీకట్లోనే కాలేజీ గ్రౌండు.
కొత్త బూట్లు. లేసులు సంపూర్ణ కట్టింది.
పొట్ట దాటి నా కాళ్ల దాకా
నా చేతులు పోవని
ఆ పొద్దే తెలిసింది నాకు.

ఒక్క చుట్టు.
కాలు ఈడ్చే ముసలామె ఒకామె
తువ్వాలు భుజానేసుకొని నన్ను దాటిపొయింది.
పోలీసు సెలక్షన్లకు ఉరికే పిల్లోళ్లు
నా పక్కనుండే గాలిని గూడా లాక్కొని పొయినారు.
వేపచెట్టు కింద కూలబడి
"ఇంగ రేపు" అనుకున్నా.
ఆ రేపు తొమ్మిది దినాలకు వచ్చింది.

మండీలో చెంగల్రాయుడు నవ్వినాడు,
నెత్తిన గోనెచుట్ట, మెడంతా చెమట:
"ఊరికినే నడిచేదానికి బూట్లా సామీ?
దినమ్మూ లారీకాడ్నించి కొట్లోకి నడస్తాండా,
నాకెవురూ చీటీ రాసీలేదే!"
జవాబు రాలేదు నాకు.
వాడి కూలి లెక్క నా చేత్తో రాసిందే,
వాడి అడుగులే ఎప్పుడూ రాయలేదు.

ఒక మధ్యాన్నం, కాటా పక్కన పడిన పెన్ను కోసం
వంగి, అట్లే నిలిచిపొయినా.
వాడే వచ్చి లేపినాడు.
"నడుముతో వంగితే నడుమే పోతాది సామీ.
కూచో. మడిమలు నేలకు ఆనించు.
బరువు తొడలకు చెప్పు, వీపుకు చెప్పొద్దు.
లేచేటప్పుడు ఊపిరి వదులు."
మా నాయన చెరుకుతోట గట్టున
అట్లే గొంతుక్కూచొని బీడీ కాల్చేవాడు, గంటలకు గంటలు.
ఆ కూర్చునేది నా దగ్గర్నించి ఎప్పుడు పొయిందో.

అప్పట్నించీ లారీకీ లారీకీ నడుమ
గోడ పట్టుకొని ఐదు గుంజీళ్లు.
బడిలో లెక్క తప్పితే తీసినవి,
లెక్కలు రాసి రాసి ఇప్పుడు తీస్తాండా.
హమాలీలు బీడీలార్పి మరీ ఎంచేవాళ్లు,
మూడు కాడే "ఐదు!" అని కేకేసి
నన్ను కాపాడేవాళ్లు.

గ్రౌండులో ఒకటి రెండైంది, రెండు నాలుగైంది.
రాత్రి సంగటి ముద్ద సగమైంది.
ఊరిబిండి తగ్గించేది నా వల్ల గాలేదు.
వానొస్తే మానేసినా, పెండ్లిళ్లకు మానేసినా,
జాతర వారమంతా మానేసినా.
మానేసింది దాచలేదు,
మళ్లీ మొదలుపెట్టింది చెప్పుకోలేదు.

మొన్న చీటీలో నూటా అరవై రెండు.
డాక్టరమ్మ "పర్వాలేదు" అనింది, అంతే.
అది అట్లుండనీ.
ఈ పొద్దు గడప మీద కూర్చొని
లేసు నేనే కట్టుకున్నా.
ముడి వంకరగా పడింది.
సంపూర్ణ సరిచెయ్యబొయ్యి
ఎందుకో చెయ్యి వెనక్కి తీసుకుంది.

చెంగల్రాయుడు రెండు దినాలుగా రాలేదు.
మోకాలు వాచిందంట.
పద్దులో వాడి పేరు ముందర
గీత కొట్టాల్సిన చోటు ఖాళీగానే వదిలినా.
సాయంత్రం వాళ్లింటికి పొయ్యొస్తా.
రెండు మైళ్లు.
ఆటో వద్దు.