మూడు పిలుపులు

మూడుసార్లు పిలవాలి. అది రూలు.
వసారాలో నిలబడి గొంతు సవరించుకుని
మేకతోటి ఏసురత్నం, ఏసురత్నం, ఏసురత్నం...
"వారసులు" అని కాగితంలో ఉంటుంది గానీ
ఆ మాట కేకకి లొంగదు, పేరే లొంగుతుంది.
పోయినవాళ్లని పొద్దుపోయాక పేరెట్టి పిలవొద్దనేది మా అమ్మ.
నేను పట్టపగలు పిలుస్తున్నాను
పదిహేడేళ్లుగా, జీతం పుచ్చుకుని.

ఏటుకూరు రోడ్డు కోల్డ్ స్టోరేజీలో
ఆ ఏప్రిల్ రాత్రి అమ్మోనియా పైపు పగిలినప్పుడు
లోపల పద్నాలుగు మంది ఆడవాళ్లు
తేజా కాయకి తొడిమలు తీస్తున్నారు.
గుంటూరు మనుషులకి మిరపఘాటు గాలితో సమానం,
కళ్లు మండినా ఎవరూ లేవలేదు.
"ఈ లాటు గట్టిదే" అని నవ్విందట ఖాజాబీ.
ఆ నవ్వు వాంగ్మూలంలో రెండో పేజీలో ఉంది.
తలుపుకి బయట గడియ పెట్టిన సంగతి
పదకొండో పేజీలో.

నలుగురు జడ్జీలు వచ్చి వెళ్లారు.
కట్ట లావెక్కి దారం చాలక రెండు కట్టలైంది.
కంపెనీ బోర్డు మార్చి
ఆ పాత కంపెనీ ఎవరో మాకు తెలీదంది.
ఖాజాబీ ఒక్క కన్నుతో వచ్చేది, తర్వాత రావడం మానేసింది.
సామాన్ల గదిలో స్టీలు టిఫిను బాక్సు ఒకటుంది,
ఎగ్జిబిట్ పి-తొమ్మిది.
ఆ రాత్రి అందులో ఏం కూర అని
ఇన్నేళ్లలో ఒక్క వకీలూ అడగలేదు.

ఫైల్లో ఏసురత్నం వయసు ఇరవై రెండు దగ్గర ఆగింది.
పోయిన అక్టోబరులో కూతురు ఎమీమా దాన్ని దాటింది.
అమ్మమ్మ కొంగు పట్టుకుని వచ్చేటప్పుడు
నా బిళ్ల మీద ఇత్తడి సింహాలు లెక్కపెట్టేది.
ఇప్పుడు బ్రాడీపేటలో ఫోన్లమ్మే షాపులో పని,
వాయిదాకో సెలవు, సెలవుకో జీతం కోత.

ఫిబ్రవరిలో వాదన అంతా కిలోల మీదే.
రోజుకి ఎన్ని తీసేది మృతురాలు?
"పది కిలోలు మించి మనిషి వల్ల కాదు" అన్నాడు కంపెనీ వకీలు.
పదికి ఒక ధర, పాతికకి ఇంకో ధర,
మధ్యలో ఒక మనిషి.

తర్వాతి వాయిదాకి ఎమీమా గోతం మోసుకొచ్చింది.
వసారాలో చాప పరిచి కూర్చుని
"గంట చూడండి సార్" అంది, వేళ్లు కదిలాయి.
టిక్, టిక్, టిక్,
చూపు మా అందరి మీదా, పని కింద.
ఆపాల్సింది నేను.
ఆపలేదు.

మొదట టైపిస్టు తుమ్మింది.
తర్వాత పది కిలోల వకీలుగారు,
బోనులో ముద్దాయి, పక్కన కానిస్టేబులు,
చివరికి బెంచి మీద అయ్యగారు
కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.
పదిహేడేళ్లకి ఆ కేసులో కోర్టు కంట నీరు.
ఘాటుకే లెండి, నేను లేనిది చెప్పను.

క్యాంటీను కాటా మీద తూచాం,
మూడు కిలోల నూట యాభై.
"ఇది సాక్ష్యం కిందకి రాదు" అన్నారు అయ్యగారు
మెల్లగా, దగ్గు మధ్య.
జూన్ పంతొమ్మిదికి వాయిదా.
తొడిమలు ఊడ్చింది నేనే.
ఎంత కడిగినా ఆ రాత్రి
అన్నం కలిపిన చెయ్యి మండింది.

గోతం మూతి కడుతూ ఎమీమా ఒక మాటంది.
"బాబాయ్, మొదటి పిలుపుకే నేను లేచి నిలబడితే
మీరు మిగతా రెండూ మింగేస్తారు.
మింగొద్దు. మూడూ పిలవండి.
అమ్మ పేరు ఎవరైనా పైకి అనేది
ఇక్కడొక్కచోటే."