నాలుగో పాటలో దగ్గు

బ్లైనై నుంచి పోర్త్‌మాడోగ్‌కి
రాత్రి ఆఖరి బస్సు నాది.
మా ఊరి చుట్టూ కనిపించేవి కొండలనుకుంటారు కొత్తవాళ్లు.
కావు. కొండల్ని తవ్వి, పనికిరావని
పారబోసిన పలకరాళ్ల గుట్టలు.
వాన పడితే మెరుస్తాయి.
వాన పడుతూనే ఉంటుంది.

హెలెద్ కొత్త ఆల్బమ్ తెచ్చి
పక్కింటి మోర్విద్ నా చేతిలో పెట్టింది.
"విను, నీ బస్సు కూడా ఉంది ఇందులో."
ఉంది. మూడో పాటలో, ఒక్క ముక్క:
వెనక సీటు, ఆవిరి పట్టిన అద్దం,
వేలితో రాసి వెంటనే తుడిచేసిన పేరు.
గిటార్ పెట్టెకీ టికెట్టు కొట్టమని
వేళాకోళమాడే పదిహేనేళ్ల పిల్ల అప్పుడు.
అద్దాలు పాడుచేయకని కసిరాను గాని
పేరు చదవలేదు.

నాలుగోది వాళ్లన్న గురించి.
ఊరంతా అతని గురించి ఒకటే మాట: మంచివాడు, పోయాడు.
హెలెద్ అలా అనదు.
డబ్బడుగుతాడని ఫోన్ ఎత్తలేదంటుంది,
ఆ రాత్రి కూడా ఎత్తలేదంటుంది,
మోగి మోగి ఆగిపోతే
హమ్మయ్య అనుకున్నానంటుంది.
అక్కడ గొంతు పట్టేస్తుంది.
దగ్గుతుంది. కుర్చీ కిర్రుమంటుంది.
మళ్లీ ఆ హమ్మయ్య దగ్గరే ఎత్తుకుంటుంది.
ఆ దగ్గును ఎవరూ కత్తిరించలేదు.

సంగీతం నాకేం తెలీదు.
చాపెల్‌లో వెనక వరసలో నిలబడి నోరు కదిపే రకం.
అబద్ధం మాత్రం తెలుసు.
పాసు ఇంట్లో మర్చిపోయామనేవాళ్లని
ముప్పై ఏళ్లుగా చూస్తున్నాను.
ఈ ఆల్బమ్‌లో ప్రతి మాటా టికెట్టు కొనే ఎక్కింది.

ఆరో పాట నచ్చలేదు. డ్రమ్ములెక్కువ.
ఇంత నిజం విన్నాక
అదీ చెప్పాలి కదా.

మా తాత గనిలో పలక చీల్చేవాడు.
ఉలి ఆనించి ఊరికే తట్టేవాడు,
బండ తనే ఊఁ అని తెరుచుకునేది.
గట్టిగా కొడితే పిండవుతుందిరా,
లోపల ఒక గీత ఉంటుంది, అది దొరకాలి, అనేవాడు.

డిపోలో ఇంజిన్ ఆపేసి
నాలుగో పాట మళ్లీ పెట్టాను.
తమ్ముడు గెథిన్ నంబరు ఇంకా ఫోన్‌లో ఉంది.
పదకొండేళ్లు. అమ్మ గోడగడియారం ఎవరిదనే దగ్గర మొదలైంది,
గడియారం ఎప్పుడో ఆగింది.
నొక్కలేదు.
దగ్గొచ్చేదాకా విన్నాను,
దగ్గు తర్వాత కూడా.
అద్దాలన్నీ ఆవిరి.
వేలితో ఒక పేరు రాసి
తుడవకుండా దిగాను.